స్టాండు పడిందా?

మా ఆయన బండి దిగగానే ఎడమ కాలితో సైడు స్టాండును ఒక్క తన్ను తన్ని, వెనక్కి చూడకుండా నడిచిపోయే మనిషి. సరిగ్గా పడిందో లేదో ఒకసారి చూసుకోండి అంటే నవ్వేవారు.

"నా కాలికి తెలీదుటే?" అనేవారు.

పెళ్లయిన కొత్తలో ఆ ధీమా చూసి మురిసిపోయాను కూడా. తర్వాత తర్వాత ఒళ్లు మండేది.

అలాంటి మనిషి బండి ఈ ఎండాకాలం మొదలైన దగ్గర్నుంచీ ఊరికే పడిపోవడం మొదలుపెట్టింది. మొదట వత్సవాయి దగ్గర మా పత్తి చేలో పడింది. నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంది కదా, స్టాండు నెర్రెలోకి దిగిపోయుంటుందని, కింద ఓ రాతిపలక పెట్టుకోమని పక్క చేనాయన చెప్పాడు. తర్వాత చిల్లకల్లులో హైవే పక్కన టీ కొట్టు ముందు పడింది. అది లారీల గాలి అని కొట్టాయన తేల్చేశాడు. ఆ తర్వాత జగ్గయ్యపేటలో మా ఇంటి ముందే పడి, మా తులసికోట అంచు పగలగొట్టింది.

"పల్లం వైపు ముఖం పెట్టి నిలబెడితే జారక ఏం చేస్తదండీ? ఎత్తు వైపు తిప్పి, ఫస్టు గేరులో ఉంచి, హ్యాండిలు ఎడమకి తిప్పి పెట్టండి. కదిల్తే నన్నడగండి" అని ఎదురింటాయన పాఠం చెప్పాడు. మా ఆయన అవన్నీ బుద్ధిగా చేశారు. స్టాండు స్ప్రింగు కూడా మార్పించారు. నేను సెంటర్ స్టాండు వెయ్యమంటే మాత్రం, అది ముసలాళ్లకి అన్నారు.

"ఆడలేక మద్దెల ఓడన్నారుట. నేల బాలేదు, గాలి బాలేదు, స్ప్రింగు బాలేదు. మీరొక్కరే బాగున్నారు" అన్నాను. ఆ మాట ఇప్పుడు తల్చుకుంటే నాకే వణుకొస్తుంది.

మే నెలలో మా ఆడపడుచు కూతురి పెళ్లికి బట్టలు కొందామని నందిగామ వెళ్లాం. మిట్టమధ్యాహ్నం. తారు కరిగి టైర్లకు అంటుకుంటోంది. నన్ను బట్టల కొట్టు ముందు దింపి, ఆయన బండిని ఎదురుగా నీడలో పెట్టడానికి వెళ్లారు. నేను మెట్ల మీద నుంచుని చూస్తున్నాను. దిగారు, తన్నారు, నడిచారు. స్టాండు సగం దాకా వచ్చి ఆగిపోవడం నాకు ఇక్కడికే కనపడుతోంది.

"ఏవండీ, స్టాండు!" అని అరిచేలోపే బండి కాస్త ముందుకు జరిగి, ఎడమవైపుకి ధడాలున పడింది. ఆయన నడిరోడ్డు మీద ఆగి, వెనక్కి తిరిగి దాన్ని తిడుతున్నారు. నేనూ తిడదామని నోరు తెరిచాను. అప్పుడు చూశాను. ఆయన ఎడమ కాలికి చెప్పు లేదు.

ఆ తారు మీద కుక్క కూడా నిలబడలేదు. ఈయన మాత్రం వట్టి కాలు ఆనించి, తాపీగా నుంచుని బండిని తిడుతున్నారు.

"ఏవండీ, మీ చెప్పు ఏది?"

"ఏ చెప్పు?" అన్నారు.

చెప్పు పడిపోయిన బండి కింద సగం బయటికి కనపడుతోంది. స్టాండు తన్నినప్పుడే ఊడిపోయుంటుంది. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మెట్ల మీద కూర్చోబెట్టి అరికాలు ఎత్తి చూశాను. చర్మం బొబ్బలెక్కి ఉంది. ఆయన కాలు చూసుకోలేదు. ఎంత కాలిందో నా ముఖంలో చూసుకున్నారు.

షుగరు ఉందని తెలుసు, మాత్రలు వేసుకుంటున్నారు కదా అని ఊరుకున్నాం. అక్కడే ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరుగారు బొబ్బలకు కట్టు కట్టి, కళ్లు మూసుకోమన్నారు. నేను చూస్తుండగా బొటనవేలి కొసన సన్నటి పుల్లలాంటిది ఒంగిపోయేదాకా నొక్కారు.

"ఎప్పుడు మొదలుపెడతారండీ?" అని అడిగారు మా ఆయన.

బండి ఎందుకు పడుతోందని ఊరంతా వెతికాం. నేలను చూశాం, గాలిని చూశాం, ఇనుప స్ప్రింగును చూశాం. ఈ మనిషి కాలిని ఒక్కరమూ చూడలేదు. షుగరు వల్ల అరికాళ్లకు స్పర్శ పోయిందని, కాలు దక్కుతుందని, కానీ రోజూ అరికాలు చూసుకోకపోతే హామీ లేదని డాక్టరుగారు చెప్పారు.

"నా కాలికి తెలీలేదే" అన్నారు ఆయన ఆటోలో. అంత చిన్న గొంతు ఆయనకుందని నాకు తెలియదు.

పుండు మానాక మళ్లీ బండి తీశారు, నన్ను వెనక కూర్చోబెట్టుకునే. బూట్లు వేసుకుంటున్నారు. ఎక్కడ ఆపినా హ్యాండిలు వదలకుండా నా వైపు చూస్తారు.

"పడిందా?"

నేను ఒంగి, స్టాండును చేత్తో ముందుకి లాగి చూస్తాను.

"పడిందండీ, వదలండి" అంటాను.