కుడి పక్క పాట

పోయిన మంగళవారం పొద్దున, ప్రొద్దుటూరులో నా కుట్టు అంగడి తాళం తీస్తుంటే జమ్మలమడుగు నుంచి అత్త ఫోన్ చేసింది. "మీ మామ పోయినాడమ్మీ. నిద్రలోనే పోయినాడు. టీ తీసకపోయి పిలిస్తే పలకల్యా. ఎడమ పక్క నుంచి పిలిచినానేమోనని, కుడి పక్కకు తిరుక్కోని పోయి మళ్ళా పిలిచినా" అంది. ఫోన్ పెట్టాలన్న సంగతి ఇద్దరం మరిచిపోయాం.

అత్త రెండోసారి ఎందుకు పిలిచిందో మీకు తెలియాలంటే మామ గురించి కొంత చెప్పాలి. మామ అంటే మా అమ్మ తమ్ముడు. జమ్మలమడుగులో మిషన్ వాళ్ళ బడిలో అయ్యవారు. ఆదివారాలు మిషన్ గుడిలో పాటల బృందం, అదే క్వాయరు, నడిపించేవాడు. నాకు లంగా ఓణీలు వచ్చిన నాటి నుంచి పెళ్ళై ప్రొద్దుటూరు వచ్చేదాకా ఆ క్వాయరులో ఆడవాళ్ళ కింది గొంతు పాడాను. మామ ఎవరినీ తిట్టేవాడు కాదు. చొక్కా అంచుతో కళ్ళద్దాలు తుడుచుకుని, ముక్కుతో శ్రుతి అందించి, చెయ్యెత్తేవాడు. ఎవరైనా తప్పితే పైకప్పు చూసేవాడు. ఆ చూపు కంటే నాలుగు దెబ్బలు నయం. "పక్కోని గొంతు నీకు వినపడల్యాంటే నువ్వు పాడ్తాండ్లేదు, అరుస్తాండావు" అనేవాడు. నేను ఎక్కువగా ఆ రెండో రకమే.

అవి మా వైపు చెడ్డ రోజులు. ఏ జీపు వెనక ఏ జీపు పోతోందో చూసి అంగళ్ళు మూసుకునేవాళ్ళు. పెళ్ళిపత్రిక ఇవ్వాలన్నా ముందు ఏ పార్టీ ఇంటికి ఇచ్చామన్నది లెక్కకొచ్చేది. ఎన్నికల ముందు ఒకసారి మామ పులివెందులలో తెలిసినవాళ్ళ పెళ్ళికి పాడడానికి పోయి, బస్సులో తిరిగి వస్తున్నాడు. దారిలో ఒక పల్లె దగ్గర ఎవరో, ఎవరి జీపు కోసమో కాచుకుని, నాటుబాంబు వేశారు. అది జీపుకు తగలక, బస్సు పక్కన, మామ కూర్చున్న కిటికీ కింద పేలింది. బస్సులో ఎవరి ప్రాణమూ పోలేదు. మామ ఎడమ చెవి మాత్రం పోయింది. డాక్టరు చూసి, ఆ చెవి మీద ఇంక ఆశ పెట్టుకోవద్దన్నాడు.

ఇంటికి వచ్చిన మర్నాటి నుంచి రెండు పార్టీల వాళ్ళూ వరుసగా పలకరింపులకు వచ్చారు. పళ్ళూ బ్రెడ్డూ తెచ్చారు. బాంబు వేసింది అవతలివాళ్ళే అని మామ పోలీసులకు చెప్పాలని ఇద్దరి కోరికా. "వాళ్ళ అరుపులు విని ఉంటావు కద సారూ? ఎవరి గొంతో గుర్తుపట్టల్యా?" అని అడిగారు. మామ నిమ్మళంగా, "విన్న చెవు పోయింది నాయనా. ఉండే చెవు వినల్యా" అన్నాడు. చూడనిది చూశానని ఆయనతో చెప్పించడం ఎవరి వల్లా కాలేదు. పళ్ళు మాత్రం అత్త వీధి పిల్లలకు పంచింది.

ఇంతవరకు మామ బాగానే తట్టుకున్నాడు. ఆదివారం వచ్చింది, అసలు కష్టం అక్కడ మొదలైంది. మా క్వాయరులో ఆయనకు ఎదురుగా ఎడమ పక్క ఆడవాళ్ళూ, కుడి పక్క మగవాళ్ళూ నిలబడేవాళ్ళు. మామ చెయ్యెత్తాడు, పాట మొదలైంది, మధ్యలో చెయ్యి దించేశాడు. ఆయనకు ఆడవాళ్ళు నోళ్ళు తెరవడం కనిపిస్తోంది, గొంతులు మాత్రం అందడం లేదట. ఎవరు తప్పారో, ఎటు నుంచి తప్పారో తెలియడం లేదు. ఇంటికొచ్చి, "సగం యినేవాడు ఒకరిని దిద్దకూడదు" అని, క్రిస్మస్ దాకా చూసి మానుకుంటానని పెద్దలకు చెప్పేశాడు. అప్పటి నుంచి ఇంట్లో కూనిరాగం కూడా లేదు. అత్త నా దగ్గరకు వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అన్నం ల్యాకుండా అయినా ఉంటాడు గానీ, పాట ల్యాకుండా ఈయప్ప బతకడమ్మీ. ఏమన్నా చెయ్యి" అంది.

చేసింది నేను కాదు, మామే ఒక ఆశ పుట్టించుకున్నాడు. క్యాసెట్లు పోయి సీడీలు వస్తున్న కాలం అది. ఎవరో ఆయనకు ఒక క్వాయరు పాటల సీడీ ఇచ్చారు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని మంచి ప్లేయరులో వింటే, పోయిన గొంతులు మళ్ళీ దొరుకుతాయని ఆయన నమ్మకం. మన తాహతుకు తగిన ప్లేయరు ఒకటి ఎంచుకుందామని, సీడీని తువ్వాలులో చుట్టుకుని ప్రొద్దుటూరు వచ్చాడు. నేను అంగడి మూసి వెంట నడిచాను. బంగారం అంగళ్ళ వీధి దాటి టీవీలు, రేడియోలు అమ్మే సందులోకి పోయాం.

నేను చీర జాకెట్ల గుడ్డ కోసం కూడా అన్ని అంగళ్ళు ఎక్కి దిగలేదు. ప్రతిచోటా అదే పాట. మామ విని హెడ్‌ఫోన్ నాకిస్తాడు, నేను విని చెప్పాలి. మొదటి దానిలో బరువు గొంతులు ఉబ్బి వచ్చాయి. ఇంకోదానిలో స, శ అక్షరాలన్నీ తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు వినిపించాయి. మరొకటి మెత్తగా బాగుంది కానీ, చెయ్యి తగిలితే పాట ఎగిరి దూకుతోంది. ఇవన్నీ మామ కూడా పట్టుకున్నాడు. నాకంటే బాగా పట్టుకున్నాడు. కానీ ప్రతిదానికీ చివర ఒకే మాట: "ఇది గూడా మంచిది కాదమ్మీ. దీంట్లో ఆడోళ్ళు లేరు."

నాకు అన్నిటిలోనూ ఆడవాళ్ళు ఉన్నారు. ఎడమ చెవిలో, శుభ్రంగా, గుడ్డ మీద సుద్దగీత అంత తేటగా ఉన్నారు. నేను మాత్రం "అవును మామా, ఇంకోటి చూద్దాం" అంటూ వచ్చాను. ఎండ నెత్తికెక్కింది. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. అయినా ఆయనను అక్కడి నుంచి లేపాలంటే నాకు భయమేసింది. అంగళ్ళు అయిపోతే ఆ ఆశ కూడా అయిపోతుంది కదా.

చివరి అంగడిలో మామే హెడ్‌ఫోన్ తీసి, కాసేపు చేతిలో తిప్పి, అటుది ఇటు పెట్టుకున్నాడు. ముఖం వెలిగింది. "వచ్చినారు అమ్మీ, ఆడోళ్ళు వచ్చినారు" అన్నాడు. ఆ వెంటనే ఆ వెలుగు పోయింది. ఈసారి మగవాళ్ళు లేరు. మళ్ళీ తిప్పి పెట్టుకున్నాడు. మళ్ళీ తిప్పాడు. తర్వాత నెమ్మదిగా తీసి బల్ల మీద పెట్టి, "మిషన్లన్నీ మంచివేలే. రిపేరు నాదే" అన్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. ఫ్యాన్లు పెట్టిన వైపు తిరిగి, వాటి రెక్కలు చూస్తూ నిలబడ్డాను.

అంగడి భాయ్ మంచివాడు. పెద్దాయన వట్టి చేతులతో పోతున్నాడని మనసొప్పక, వెనక అర నుంచి ఇంకొకటి తీశాడు. "ఇది ఖరాబ్ అయ్యిండాది సార్. కొన్నాయప్ప తిరిగిచ్చిపోయినాడు. లోపల యాడో రెండు వైర్లు కలిసిపోయినాయి. రెండు పక్కలా ఒకటే సౌండ్ వస్తాది. ఊరికే చూడండి" అన్నాడు. మామ మర్యాద కోసం పెట్టుకున్నాడు. పాట మొదలైంది.

ఆయన చెయ్యి దానంతట అదే లేచింది. అంగడి మధ్యలో, మిక్సీలూ ఇస్త్రీపెట్టెల ఎదుట, మామ క్వాయరు నడిపించాడు. ఆడవాళ్ళకు ఎడమ చెయ్యి, మగవాళ్ళకు కుడి చెయ్యి. కళ్ళద్దాల కింద నుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. పాట అయ్యాక, "అందరూ ఉండారు. అందరూ ఒక్క చెవులోనే ఉండారమ్మీ" అన్నాడు. భాయ్ బిత్తరపోయి, "అది చెడిపోయిండాది సార్, మంచిది చూపిస్తా" అన్నాడు. "మంచిదొద్దు నాయనా. ఇదే కట్టియ్యి" అన్నాడు మామ.

ఆ తర్వాత నేను పైకి నవ్వినా లోపల దండం పెట్టుకున్న సంగతి ఒకటి జరిగింది. బస్టాండుకు నడుస్తూ మామ ఉన్నట్టుండి ఆగాడు. "పాటంతా ఒక పక్క నుంచే వచ్చినా నిండుగానే ఉండాది కదా? అట్లయితే నా పిల్లోళ్ళనీ ఒక పక్కకే నిలబెడ్తా" అన్నాడు. ఆ ఆదివారం నుంచి క్వాయరు మొత్తం ఆయన కుడి భుజం వైపుకు మారింది, ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక. మామ మాత్రం వాళ్ళకు ఎదురుగా కాకుండా, కిటికీకి మొహం పెట్టి నిలబడేవాడు. చూసేవాళ్ళకు కిటికీ చువ్వలకు పాట నేర్పుతున్నట్టు ఉండేది. సంఘ పెద్ద ఒకాయన, "అందరూ ఒక దిక్కే నిలబడితే గుడి ఒరగదా?" అన్నాడు. పాట విన్నాక ఆయనే మెత్తబడ్డాడు.

గుడిలో సర్దుకుంది, బజారులో సర్దుకోలేదు. ఆ కిటికీ అవతల ఒక పార్టీ ఆయన మిద్దె ఉంది. ఇంకేం, క్వాయరు సారు ఆ మిద్దె వైపు తిరిగి చేతులూపుతున్నాడనీ, క్రైస్తవుల ఓట్లన్నీ ఆ పక్కకు పోయినట్టేననీ మాట పుట్టింది. మా ఊర్లో మనిషి తుమ్మినా ఏ పార్టీ తుమ్మో తేల్చాల్సిందే. అవతలి పార్టీ మనిషి ఒకడు ఇద్దరిని వెంటేసుకుని ఇంటికొచ్చాడు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. "ఏం సారూ, మీ పాటంతా ఆ మిద్దె దిక్కే పోతాందంట? ఏంది సంగతి?" అన్నాడు. మామ కోపపడగా నేను చూసింది ఆ ఒక్కసారే. గొంతు పెంచలేదు. "నాకు ఉండేది ఈ చెవు. ఇది యాడుంటే పాట ఆడుంటాది. ఎడమది మీలో ఎవరు పగలగొట్టినారో నాకు తెల్దు. వాళ్ళను తెచ్చియ్యమనండప్పా, మళ్ళా రెండు పక్కలా నిలబెడ్తా" అన్నాడు. వచ్చినవాడు అత్త ఇచ్చిన నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, తలొంచుకుని పోయాడు. మళ్ళీ ఎవరూ అడగలేదు.

మామ ఇంటి వసారాలో రెండు కుర్చీలు ఉండేవి. పార్టీ మాటలు మాట్లాడేవాళ్ళకు ఎడమ కుర్చీ చూపించేవాడు. వాళ్ళు మాట్లాడినంతసేపూ తల ఊపి, చివర "మంచిదప్పా" అని పంపేవాడు. అత్త కూడా తిట్టాలనుకున్నప్పుడు ఎడమ పక్కనే నిలబడి తిట్టేది, తనకు కసి తీరేది, ఆయనకు నిద్ర చెడేది కాదు. సాయంత్రం మాత్రం ఆ కుర్చీ అత్తది. హెడ్‌ఫోన్ ఎడమ డిప్పను బయటికి తిప్పి ఆమెకిచ్చేవాడు. ఒకే హెడ్‌ఫోన్‌కు రెండు తలలు ఆనించి కూర్చునేవాళ్ళు. "ఈయప్పకు పనికిరాని పక్క నాకిచ్చినాడు సూడు" అని అత్త ఎగతాళి చేసేది. ఆ కుర్చీలోంచి లేచేది మాత్రం కాదు.

ఒకసారి ప్లేయరు మూత విరిగితే జమ్మలమడుగులోనే రిపేరుకు ఇచ్చాడు. ఆ మెకానిక్ పని తెలిసినవాడు. మూతతో పాటు, లోపల కలిసిపోయిన వైర్లు కూడా చూసి, ఉచితంగా విడదీసి పంపాడు. ఇంటికొచ్చి పెట్టుకునేసరికి ఆడవాళ్ళు మళ్ళీ మాయం. మామ చెప్పులు కూడా వేసుకోకుండా అంగడికి పరుగెత్తాడు. "ఎవడు బాగుచెయ్యమన్న్యాడు నాయనా? దండం పెడ్తా, మళ్ళా చెడగొట్టియ్యి" అని కూర్చున్నాడు. మెకానిక్ ఇప్పటికీ ఆ కథ చెప్పి నవ్వుతాడు. మొన్న శవం దగ్గర కూడా చెప్పాడు, చెబుతూ ఏడ్చాడు.

నా గొంతు అంత గొప్పది కాదు. బాకా గొంతు. దాన్ని పక్కవాళ్ళ గొంతులో కలిపి పాడడం నేర్పింది మామ. కత్తెర పట్టిన ఇన్నేళ్ళలో, గిరాకీతో గొడవ పడబోయిన ప్రతిసారీ, అవతలి మాట వినపడుతోందా లేదా అని ఒక్క క్షణం ఆగుతాను. ఎల్లప్పుడూ ఆగగలిగానని చెప్పను. ఆగినప్పుడు అది ఆయన పుణ్యమే.

బుధవారం సాయంత్రం సమాధుల తోటకు తీసుకుపోయాం. గుంత పక్కన పెట్టె దించి, చివరి పాట కోసం మూత తెరిచారు. పాస్టరుగారు కొత్తవాడు, వచ్చి ఇంకా నెల కూడా కాలేదు. "క్వాయరువాళ్ళు రెండు పక్కలా నిలబడండి, అందంగా ఉంటుంది" అన్నాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు, ఎవరూ మాట వినలేదు కూడా. తల నెరిసినవాళ్ళూ, నిన్నమొన్న చేరినవాళ్ళూ అందరూ పోయి మామ కుడి చెవి వైపు ఒక గుంపుగా నిలబడ్డారు. నేనూ వాళ్ళలో కలిసి, నా పాత చోటు వెతుక్కున్నాను. ఆ వారమే చేరి, మామ దగ్గర ఇంకా పాడని ఒక పిల్ల మాత్రం పాస్టరుగారి మాట విని, పాటల పుస్తకం ఎదకు ఆనించుకుని, ఎడమ పక్క ఒక్కతే నిలబడింది.

పెట్టె తల దగ్గర కూర్చున్న అత్త తలెత్తింది. "ఆ పక్క కాదు తల్లీ" అంది. "ఈ పక్కకు రా. ఆయప్పకు ఆ చెవు వినపడదు."

ఆ పిల్ల పెట్టె కాళ్ళ వైపు నుంచి చుట్టి వచ్చి, నా పక్కన నిలబడింది. ఎడమ పక్క తవ్విపోసిన ఎర్రమట్టి తప్ప ఎవరూ లేరు. ఎవరో ముక్కుతో శ్రుతి అందించారు. అందరం పాట ఎత్తుకున్నాం.