టర్కీ మాంసంలో గుళ్ళు ఏరిన రోజులు

పోయిన నెలలో క్యారీ అనే ఊళ్ళో ఉండే మా మనవడు ఫోన్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక తూటాల పెట్టె తీసి చూపించాడు. ఆఫీసు స్నేహితులతో కలిసి అడవి టర్కీ కోళ్ళ వేటకు వెళ్తున్నాడట. సీసం కంటే బరువైన ఏదో లోహంతో చేసిన గుళ్ళట, ఒక్కో తూటాలో వందలకొద్దీ కూరి ఉంటాయట. "అమ్మమ్మా, దిస్ ఈజ్ సూపర్ డెన్స్. సిక్స్టీ యార్డ్స్ నుంచి షూట్ చేసినా పడిపోతుంది" అని వాడు మురిసిపోతుంటే, మరి మాంసం ఏమవుతుందిరా అని అడిగాను. వాడు నోరెళ్ళబెట్టాడు. అమ్మమ్మకు చర్చి, ఆవకాయ తప్ప మరో లోకం తెలియదని పాపం వాడి నమ్మకం. తుపాకీ దెబ్బ తిన్న టర్కీ కోళ్ళను నేను ఎన్ని వసంతాలు ఈ రెండు చేతులతో కోసి శుభ్రం చేశానో వాడికి ఎవరు చెప్పారు కనుక!

ఈ దేశానికి వచ్చి మేము ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఈ ఇంట్లో చేరింది డెబ్బై ఎనిమిదిలో. మా ఆయన కార్ల కంపెనీలో డ్రాయింగులు గీసేవారు. చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా లేని ఆ రోజుల్లో మమ్మల్ని చేరదీసింది పక్కింటి ముసలి దంపతులు. పెద్దాయన అదే కార్ల పనిలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. మంచు ఎలా ఎత్తిపోయాలో, నీళ్ళ గొట్టాలు గడ్డకట్టకుండా ఏం చేయాలో అన్నీ మా ఆయనకు ఆయనే నేర్పారు. తండ్రిని చిన్నతనంలోనే పోగొట్టుకున్న మా ఆయన ఆయన మాటను వేదవాక్కులా పట్టుకునేవారు, అందుకు నాకు కాస్త ఒళ్ళుమంటగా కూడా ఉండేది.

ఏటా మే నెలలో పెద్దాయన ఉత్తరాన అడవికి వెళ్ళి ఒక టర్కీ పుంజును కొట్టి తెచ్చేవారు. దాన్ని శుభ్రం చేయడం పెద్దావిడ పని. కానీ కీళ్ళవాతంతో ఆవిడ వేళ్ళు వంకర్లు పోయి కత్తి పట్టుకోవడం కష్టమైపోయింది. మేము చేరిన మరుసటి ఏడు ఆవిడ అవస్థ చూడలేక, ఇటివ్వండి అని నేను తీసుకున్నాను. మాది కొల్లేటి పక్క ఊరు. మా మేనమామ తుపాకీతో బాతులు కొట్టి తెస్తే వాటిలోని సీసపు గుళ్ళు ఏరడం మా అమ్మ నాకు నేర్పింది. ముక్కల్ని ఉప్పునీళ్ళలో వేసి, ఒక్కొక్కటీ రెండు వేళ్ళ మధ్య మెల్లగా నొక్కుకుంటూ పోవాలి. ధనియం గింజ కంటే చిన్నదైన గుండు కంటికి కనిపించదు గాని వేలికి ఇట్టే తగులుతుంది. ఎక్కడైనా ఈక ముక్క మాంసంలోకి దిగి ఉందంటే దాని వెనకాల గుండు ఉన్నట్టే. చేత్తో అన్నం తినే జాతికి ఇది పెద్ద విద్యేమీ కాదు, కానీ పెద్దావిడ నా పక్కన నిలబడి గారడీ చూసినట్టు చూసేది.

ఆ మొదటి కోడి ఎంత చక్కగా ఉందో ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టుంది. తలలోను, మెడలోను కలిపి పదో పన్నెండో గుళ్ళు, అంతే. రొమ్ము మాంసం గులాబి రంగులో, మచ్చ లేకుండా ఉంది. ఒంటిమీద కొట్టకూడదని, ముప్పై గజాల్లోకి రానిచ్చి మెడకు గురిపెట్టాలని, తినే భాగాన్ని పాడుచేసేవాడు వేటగాడే కాదని పెద్దాయన ఎంతో గర్వంగా చెప్పారు. రొమ్ము ఆవిడ ఓవెన్‌లోకి, కాళ్ళు నా పులుసులోకి వెళ్ళేవి. అడవి కోడి కాళ్ళు ఊరికే ఉడుకుతాయా, సగం రోజు పొయ్యి మీద ఉండాల్సిందే. నలుగురం కూర్చుని తినేవాళ్ళం. నా పులుసులో పెద్దావిడ రొట్టె ముంచుకుని తింటూ, కారానికి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఇంకొంచెం వేయమనేది.

మరుసటి ఏడు నుంచి మా ఆయన కూడా వేటకు తోడు వెళ్ళడం మొదలుపెట్టారు. తుపాకీ ముట్టుకోలేదు గాని, చెక్కపెట్టె మీద చెక్కముక్కతో గీకి పెట్టకోడి కూత పలికించే విద్య మాత్రం పట్టుబట్టి నేర్చుకున్నారు. చలికాలమంతా బేస్‌మెంట్‌లో కూర్చుని ఆ గీకుడే గీకుడు, పైన నాకు తలనొప్పి. అడవిలో ఈయన ఒక చెట్టుకు ఆనుకుని కూత కూస్తుంటే, పెద్దాయన కాస్త దూరంలో ఇంకో చెట్టు కింద తుపాకీతో కూర్చునేవారట.

ఎనభై మూడు ప్రాంతంలో పెద్దాయన తూటాలు మార్చారు. మాగ్నమ్ అని కొత్తరకం, పొడవెక్కువ, సీసమెక్కువ, మందుగుండూ ఎక్కువ. ఇక ఏ కోడీ తప్పించుకోలేదు అన్నారు. కోడి తప్పించుకోలేదు సరే, మాంసమూ తప్పించుకోలేదు. రొమ్ము నిండా గుళ్ళు, రెక్క ఎముకలు నుగ్గునుగ్గు, గాయం గాయంలోనూ ఈకల పీచు, చుట్టూ నల్లగా గడ్డకట్టిన నెత్తురు. ఆ మరుసటి ఏడు పేగులు కూడా చితికి వాసన కొట్టింది. మూడుసార్లు ఉప్పునీళ్ళు మార్చి, నల్లబడినంత మేరా కోసి పారేస్తే మిగిలింది సగమే. కోడిని కొట్టమంటే కైమా కొట్టి తెచ్చారేమిటని నేను పెద్దాయన్ని ఆటపట్టించాను. ఆయన నవ్వారు. తప్పంతా తూటాదేనని అందరం అనుకున్నాం. ఆ రోజు భోజనాల దగ్గర పెద్దావిడ పంటికింద ఏదో కరకరమంది. ఆవిడ నోరు తుడుచుకుంటున్నట్టు తుడుచుకుని, నా వేళ్ళను కూడా తప్పించుకున్న ఆ గుండును పళ్ళెం అంచు కింద దాచేసింది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఎనభై అయిదులో వచ్చిన కోడి తొడల్లో, వీపులో, తోకదాకా గుళ్ళు. నేను విసుక్కుంటూ ఏరుతూ ఏరుతూ, సూప్‌కని పక్కన పెట్టిన మెడను చేతిలోకి తీసుకున్నాను. పైనుంచి కిందిదాకా నొక్కాను. మళ్ళీ నొక్కాను. ఒక్క గుండు లేదు. తూటాలో గుళ్ళు ఎక్కువైతే మెడలోనూ ఎక్కువ ఉండాలి కదా! తూటా బరువు పెరిగితే మాంసం పాడవుతుందేమో గాని గురి మారదు కదా! అప్పుడు నాకు ఒకటొకటీ గుర్తుకొచ్చాయి, ఈ మధ్య పెద్దాయన కాఫీని కప్పు బయట పోయడం, నేను వాకిట్లో చేయి ఊపితే పలకకపోవడం. ఆయనకు కళ్ళు కనిపించడం లేదు. ఆ కళ్ళ ముందు, ఆ తుపాకీ ముందు, పొదల వెనక మా ఆయన పెట్టకోడిలా కూస్తూ కూర్చుంటున్నారు.

మా ఆయనకు చెబితే మండిపడ్డారు. "నీకేమైనా పిచ్చా? ఆయనవి గద్ద కళ్ళే! తూటా స్ట్రాంగ్ అయిపోయింది, అంతే" అని కొట్టిపారేశారు. పైగా వచ్చే ఏడు పెద్దాయన అంతకంటే పెద్ద తూటాలు కొంటారని సంబరంగా చెప్పారు.

మర్నాడు ఆయన ఆఫీసుకు వెళ్ళగానే ఆ మెడను ఒక పళ్ళెంలో పెట్టుకుని పక్కింటికి వెళ్ళి పెద్దాయన ముందు పెట్టాను. నా వచ్చీరాని ఇంగ్లీషులో, ఇందులో గుళ్ళు లేవు అని మాత్రం అన్నాను. ఆయన వంగి చూడలేదు. చేయి చాపి పళ్ళెం వెతుక్కుని, మెడ పొడవునా వేలితో తడిమారు, అచ్చం నేను తడిమినట్టే. పెద్దావిడ సింక్ దగ్గర కుళాయి కట్టేసింది. ఆయన, రెండేళ్ళుగా తనకు కోడి కనిపించడం లేదని, కదిలేది మాత్రం మసకగా కనిపిస్తుందని చెప్పారు.

"మీ ఆయన్ని కూత ఆపొద్దనేవాణ్ణి. కూత వినిపించిన వైపు అతనున్నాడని నాకు గుర్తు. అటువైపు ఎన్నడూ పేల్చలేదు" అన్నారు.

నా మొగుడి ప్రాణం రెండేళ్ళపాటు ఒక చెక్కముక్క గీకుడు మీద ఆధారపడిందన్నమాట! తిట్టాలనే వచ్చాను నేను, తిట్టడానికి మాటలు కూడా వెతుక్కున్నాను. కానీ అంత పెద్ద మనిషి ఆ పళ్ళెం ముందు తల దించుకుని కూర్చుంటే నాకు ఏడుపే వచ్చింది. పెద్దావిడ వచ్చి తన వంకర వేళ్ళతో నా రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడకు ముందే తెలుసునని, చెప్పే ధైర్యం లేకపోయిందని ఆ పట్టులోనే నాకు అర్థమైంది.

తుపాకీ తన్నుకు భుజం తట్టుకోవడం లేదని, ఇక తుపాకీ పట్టనని పెద్దాయన మా ఆయనకు చెప్పుకున్నారు. అవునండీ, నాకు కూడా చెప్పారు అని నేనూ వంత పాడాను. మరుసటి మే నెలలో ఇద్దరూ తుపాకీ లేకుండా అడవికి వెళ్ళి, కూత కూసి, దగ్గరికొచ్చిన పుంజును ఈయన చూసి ఆయనకు వర్ణించి, ఖాళీ చేతులతో తిరిగొచ్చారు. అంత సంతోషంగా వాళ్ళు ఎన్నడూ తిరిగి రాలేదు. అసలు సంగతి తెలియకుండానే మా ఆయన కన్నుమూశారు. చెప్పనందుకు నాకు ఏనాడూ బాధ లేదు.

ఇప్పుడు ఆ ముగ్గురూ లేరు. పక్కిల్లు చాలా చేతులు మారింది. ఇప్పుడున్న వాళ్ళు మంచివాళ్ళే, కార్లోంచి చేయి ఊపుతారు, నా పార్సెల్ వాళ్ళింటికొస్తే గుమ్మంలో పెట్టి వెళ్తారు. కానీ పళ్ళెం పట్టుకుని నేరుగా వంటింట్లోకి వచ్చి, వినలేని నిజాన్ని మొహం మీద చెప్పగలిగే చనువు మనుషుల మధ్య ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. పిల్లలకు ప్రేమ లేక కాదు, వాళ్ళకు ఫోన్‌లో నా మొహం మాత్రమే కనిపిస్తుంది. మొన్న చర్చి నుంచి వస్తూ గరాజ్ తలుపు అంచు సరిగ్గా కనబడక కారు ఒక పక్కంతా గీరుకుపోయింది. షాపు పార్కింగ్‌లో ఎవరో గుద్ది వెళ్ళిపోయారని మా అమ్మాయికి చెప్పాను. అయ్యో, నీకేం కాలేదు కదా అమ్మా అని అది వెంటనే నమ్మేసింది. నమ్మకుండా ఉంటే బాగుండునని నాకు ఆ రోజంతా అనిపించింది.