ఖాసిం పలికిన అక్షరాలు

నా గుండెల మీద ఒక బరువు ఉంది. ఇన్నేళ్లూ దాన్ని దించుకునే చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

యుద్ధం రోజుల్లో నేను, రాజోలి ఖాసిం ఒకే పటాలంలో వైర్‌లెస్ పని చేశాం. నాది గద్వాల, అతనిది ఆ వైపే ఉన్న రాజోలి ఊరు. బర్మా అడవుల్లో తెలుగు మాట్లాడుకోవడానికి నాకతను, అతనికి నేను, అంతే. వైర్‌లెస్‌లో ఊరి పేరు చెప్పాలంటే ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి ఒక్కో మాట పలకాలి, ఎంత గరగరలోనైనా తేటగా వినబడేందుకు. ఏబుల్, బేకర్, చార్లీ అంటూ పైవాళ్లు ఇచ్చిన మాటలు ఖాసిం నోటికి ఎక్కేవి కావు. భయం వేస్తే అసలే గుర్తొచ్చేవి కావు. నేనే ఉపాయం చెప్పాను. ఏ అంటే ఆముదం, బీ అంటే బండి, జే అంటే జొన్నలు, ఆర్ అంటే రాజోలి. నవ్వుకుంటూ నేర్చుకున్నాడు. ఒకరోజు అది కెప్టెన్ చెవిన పడింది. ఇంకోసారి వింటే ఇద్దరికీ తుపాకులిచ్చి ముందు వరసకు తోలుతానన్నాడు. ఆ రోజు నుంచి నేను ఆ మాటలు నోట రానివ్వలేదు.

కొన్నాళ్లకు ఖాసింను ఒక చిన్న దళం వెంట వైర్‌లెస్ సెట్టు ఇచ్చి పంపారు. ఒక ఉదయం, సన్నగా వాన పడుతుండగా, నా చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్లలో అతని గొంతు వచ్చింది. శత్రువు చుట్టుముట్టాడు, సాయం పంపండి అని హిందుస్తానీలో అరిచాడు. ఎక్కడున్నారో చెప్పడం మొదలుపెట్టాడు. రాజోలి. ఆముదం. జొన్నలు. పాపం, ఇంగ్లీషు మాటలు భయానికి ఎగిరిపోయాయి. కెప్టెన్ నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఏమంటున్నాడని అడిగాడు.

అర్థం కావట్లేదు సాబ్, అన్నాను.

ఎందుకన్నాను? ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. ఉంది. ప్రాణభయం. నిజం చెబితే కెప్టెన్ నన్ను తిట్టేవాడేమో, శిక్షించేవాడేమో, కానీ అక్కడికి సాయం మాత్రం పంపేవాడు, ఆ సంగతి ఆ క్షణంలోనే నాకు తెలుసు. అయినా రూలు మాటల్లో చెప్పమని ఖాసింకు బదులిచ్చాను. అతను మళ్లీ అవే పలికాడు, ఇంకా గట్టిగా. మూడోసారి ఏడుస్తూ పలికాడు. తర్వాత సెట్టు మూగబోయింది. ఆ దళంలో ఎవరూ తిరిగి రాలేదు.

యుద్ధం అయిపోయాక రాజోలికి వెళ్లాను. ఖాసిం తల్లి రొట్టె పెట్టి, నేను తినేదాకా ఆగి అడిగింది.

"బిడ్డా, ఆఖరుకు వాని గొంతు నువ్వే ఇన్నవంట గద. ఏమన్నడు?"

"నిన్ను యాది చేసిండు పెద్దమ్మా."

"ఊరు యాదికొచ్చిందా వానికి?"

"వచ్చింది. రాజోలి అన్నడు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నా తల నిమిరింది. "నీ అసుంటి దోస్తు ఉండబట్టి గా మాటన్న నాదాంక వచ్చింది, సల్లగుండు" అంది. నేను ఆ దీవెన తీసుకున్నాను. సిగ్గులేదా నాకు? తర్వాత ఎప్పుడు వెళ్లినా అదే అడిగేది. నేను అదే చెప్పేవాణ్ణి.

అతను రాజోలి అన్నది అబద్ధం కాదు. మూడుసార్లూ అన్నాడు.

పెద్దమ్మ పోయింది. ఇక నన్ను అడిగేవాళ్లు లేరు, క్షమించేవాళ్లూ లేరు. ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. నాకు అర్థమైంది. ఖాసిం పలికిన ప్రతి అక్షరం నాకు అర్థమైంది.