ఏడో నంబరు చెప్పులు

కన్యాస్త్రీల మఠానికి ఎదురుగా, మెట్ల కింద గూడులాంటి కొట్టు అతనిది. ఎడమకాలు పొట్టి. ఆ కాలి చెప్పుకి మూడు వేళ్ల మందం మడమ అదనంగా ఉంటుంది కాబట్టి ఊరంతా అతన్ని ఎత్తుమడమ అనే పిలుస్తుంది. ఆరేళ్లప్పుడు ఆ మడమ మొదటిసారి వేయించింది మఠంలోని సిస్టర్లే. చెప్పులు కుట్టే ముసలాయన దాన్ని తయారుచేస్తుంటే పక్కన కూర్చుని చూసీ చూసీ తనూ చెప్పులు కుట్టడం నేర్చుకున్నాడు.

ఇప్పుడు యాభై దాటాయి. పద్దెనిమిది మంది సిస్టర్ల చెప్పులూ అతనికి కొట్టినపిండి. మునివేళ్ల దగ్గర అరిగితే మోకాళ్ల మీద ఎక్కువసేపు ఉండే మనిషి. మడమ బయటి అంచు అరిగితే బడిలో పొద్దస్తమానం నిలబడే టీచరమ్మ. వంటింటి సిస్టరమ్మ చెప్పు అరగనే అరగదు, నూనెకి నాని మెత్తబడుతుంది.

మఠంలో ఒక్కొక్కరికి రెండే జతలు. ఇంట్లోకి పల్చటిది, బయటికి దళసరిది. అడుగున పేరు ఉండదు, నంబరే. ఈ పద్ధతి మొదట వచ్చిన నలుగురి నాటిది. నూట పదేళ్ల కిందట విషజ్వరాలు ఊరిని ఊడ్చేస్తున్నప్పుడు నలుగురు ఆడవాళ్లు ఒక్క ట్రంకుపెట్టెతో దిగారు. చుట్టాలు కూడా తొంగిచూడని ఇళ్లలోకి ఇద్దరిద్దరుగా వెళ్లి రోగుల ఒళ్లు తుడిచారు. ఒంటరిగా ఎవరూ వెళ్లకూడదన్నది వాళ్లు పెట్టుకున్న మొదటి నియమం. ఒకరు కూలబడితే ఇంకొకరు మోసుకురావాలి కదా! బడి, ఆస్పత్రి, అనాథల ఇల్లు అన్నీ ఆ తర్వాతే. మఠానికి స్థలం ఇచ్చినవాళ్ల పేర్లు హాల్లో పాలరాతి మీద చెక్కించారు. చెప్పులు అరగదీసిన ఆ నలుగురి పేర్లు మాత్రం వెతికినా దొరకవు.

ఏడో నంబరు కట్ల సిస్టరమ్మది. డెబ్బై ఎనిమిదేళ్లు. ఇటుక బట్టీల వెనక మంచాన పడ్డవాళ్ల పుళ్లు కడిగి కట్లు కట్టడం యాభై ఏళ్లుగా ఆవిడ పని. మొన్నామధ్య మెట్ల మీద జారిపడితే డాక్టరు గడప దాటొద్దన్నాడు. మఠాన్ని నడిపే మదర్ ఆవిడ బయటి జత బీరువాలో పెట్టి తాళం వేసింది. మళ్లీ బయట తిరిగితే దూరాన ఉన్న ముసలి సిస్టర్ల విశ్రాంతి గృహానికి పంపడమేనంది. అక్కడికి వెళ్లినవాళ్లెవరూ ఇంతవరకు తిరిగి రాలేదు.

ఆ సోమవారం మఠం నుంచి బాగుచేతకి వచ్చిన సంచిలో ఏడో నంబరు ఇంటి జత కనబడింది. నెల కిందటే కొత్త సోలు వేశాడు. అప్పుడే మధ్యలో చిల్లు. కుట్లనిండా ఎర్ర దుమ్ము.

తాళం బీరువాకి వేశారు గాని ముసలమ్మకి వేయలేదే అనుకున్నాడు ఎత్తుమడమ. అన్నం తెచ్చిన భార్యకి చూపించాడు.

"కొత్త సోలు వేసెయ్యవయ్యా. ఎవడికి తెలుస్తుంది?"

"మళ్లీ పడితే?"

"పంపించేస్తే మాత్రం బతుకుతుందా ఏంటి ఆవిడ?"

అతను సోలు చిల్లులో వేలు పెట్టి చూశాడు. చిన్నప్పుడు ఆ ఎత్తు చెప్పు ఒరుసుకుని కాలు పుండైతే, చెబితే చెప్పు లాగేసుకుంటారని దాచాడు. చీము పట్టాక గాని బయటపడలేదు. కట్ల సిస్టరమ్మే కడుగుతూ, "ఒరేయ్ దొంగా, నొప్పి నాకే చెప్పకపోతే ఇంక నేనెందుకురా?" అని చెవి మెలేసింది. అది తలచుకుంటే ఇప్పటికీ చెవి వేడెక్కుతుంది.

తోలు కోసే కత్తి చేతిలోకి తీసుకున్నాడో లేదో మదర్ స్వయంగా వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుంది.

"ఏడో నంబరు చూశావా?"

"చూశానమ్మా."

"రేపు మా మఠాలన్నిటికీ పైనుండే పెద్ద మదర్ తనిఖీకి వస్తోంది. ప్రతి జతా తిప్పి తిప్పి చూస్తుంది. నువ్వు చెప్పు చూసి మనిషి సంగతి చెప్పేస్తావంటగా. ఆవిడ నిన్నడిగితే ఏమంటావు, అది ఇంట్లో తిరిగిందా, బయటా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. చెవి చురుక్కుమంది.

"బయటేనమ్మా. బట్టీల దాకా వెళ్తోంది."

చెప్పి తల దించుకున్నాడు. ఎదురుగా మదర్ పాదాలు కనబడ్డాయి. ఆవిడ చెప్పుల కుట్లలోనూ అదే ఎర్ర దుమ్ము.

"అమ్మా, మీరు ఆఫీసు గది దాటరు కదా?"

మదర్ గబుక్కున అంగీ అంచు కిందికి లాక్కుంది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఏం చెయ్యమంటావయ్యా? పెరటి తలుపు తీసుకుని చక్కాపోతోంది. ఆపితే దిగులుతో మంచం పడుతుందని భయం. వదిలేస్తే దారిలో పడుతుందని భయం. అందుకని ఇరవై అడుగుల వెనకాల నక్కి నక్కి నడుస్తున్నా. ఈ వయసులో దొంగ నడక నాకు!"

అతను పగలబడి నవ్వాడు. "అయితే ఆవిడ ఒంటరిగా వెళ్లనట్టేగా! ఇద్దరిద్దరుగా వెళ్లమన్నారు గాని, మధ్యన ఎంత దూరం ఉండాలో ఆ నలుగురూ చెప్పారా అమ్మా?"

మదర్ లేచి అంగీ దులుపుకుంది.

"బయటి జత పంపిస్తా. జారని సోలు వెయ్యి. ఈ చిల్లు మాత్రం పూడ్చకు. రేపు పెద్ద మదర్‌కి నా చెప్పుల పక్కనే పెట్టి చూపిస్తా."

మర్నాడు పెద్ద మదర్ రెండు జతలూ తిప్పి చూసి, సంగతంతా విని, "ఆరు నెలలు చూద్దాం. కాని వెనకాల కాదు, పక్కన నడవాలి" అందట.

గురువారం పొద్దున్నే ఇద్దరూ ముందు తలుపులోంచే బయటికొచ్చారు. కట్ల సిస్టరమ్మ కొట్టు ముందు ఆగి చేతికర్ర ఎత్తింది.

"ఒరేయ్ దొంగా! నాది బాగానే వేశావు గాని ఈవిడ చెప్పు సంగతేంట్రా? నెలరోజులుగా నా వెనకాల కిర్రు కిర్రుమని ప్రాణం తీసింది. తిరిగి చూస్తే పాపం సిగ్గుపడుతుందని ఊరుకున్నా."

మదర్ మొహం కందిపోయింది. ఎత్తుమడమ మొహం అంతకన్నా ఎక్కువ. తన కుట్టు కిర్రుమందని ముప్ఫై ఏళ్లలో ఒక్కరంటే ఒక్కరు అనలేదు.

"ఇలా విప్పండమ్మా" అంటూ సూది అందుకున్నాడు. కుట్టడం అయ్యేదాకా మదర్ నడివీధిలో ఒంటికాలి మీద, కట్ల సిస్టరమ్మ భుజం పట్టుకుని నిలబడింది.