నా పేరు పెట్టాల్సిన నత్త

మొన్న ఆదివారం జరంతలో తప్పిపోయింది గానీ, లేకుంటే నా పేరు సైన్స్ పుస్తకాల్లోకి ఎక్కేది! ఎట్ల పోగొట్టుకున్నానో వినండి.

కొత్తగూడలో మా ఇంటి పైవాటాలో సుజాత అనే అమ్మాయి కిరాయికి ఉంటుంది. కర్నూలు పిల్ల. నత్తల మీద రీసెర్చ్ చేస్తుంది. ఆ పొద్దున మా పెరట్లో బండరాయి పగులులోంచి మిరియం గింజంత నత్తను తీసి గంతులేసింది.

"తాతా, ఇట్లాంటిది ఏ పుస్తకంలోనూ చూడలేదు! కొత్త జాతే అయితే నీ పేరు పెడతా. రాయి నీది కదా!"

రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. అచ్చులో నా పేరంటే ఆగుతానా? "ఎట్ల రాస్తరమ్మా?" అన్నాను.

"రెండు మాటలు. ముందుది దాని వంశం, ఇంటిపేరు మాదిరి. వెనకది నీ పేరు."

"అట్లయితే ముందు గుండ్ల, వెనక మల్లయ్య. ఖతం!"

"ముందు మాట నత్తలదే ఉండాల తాతా. మార్చేకి లేదు."

"గుండ్ల లేని మల్లయ్య ఎవడు? ఈ గల్లీల ఎంతమంది మల్లయ్యలున్నరో ఎరుకేనా? ఎవడో ఒకడు నాదే అంటడు!"

ఆమె తల పట్టుకుంది. నత్త ఉన్న డబ్బా నా చేతిలో పెట్టి, "ఇదొక్కటే దొరికింది. మూత తీయొద్దు. కెమెరా తెస్తా" అని పైకి పోయింది.

నేను ఊరుకుంటే కదా! ప్రగతి నగర్‌లో ఉండే తమ్ముడు యాదయ్యకు వీడియో కాల్ కొట్టి సంగతంతా చెప్పాను. చూపిద్దామని మూత తీసి, నత్తను గోడ మీద పెట్టాను.

"ఏదీ, అన్నా? నాకేం కనబడ్తలేదు!"

"నత్తను ఇడిసిపెట్టు. ఇంటిపేరు పెట్టమనుడు న్యాయమా, కాదా?"

"న్యాయమే. గానీ నీ ఒక్కని పేరేంది? ఆ రాయి నాయనది. నాకు వాటా లేదా? యాదయ్య అని గూడ పెట్టమను!"

ఇగ చూడండి! ఎప్పటెప్పటి పంచాయితీలన్నీ తవ్వుకున్నాం. ఫోన్ పెట్టేసి చూస్తే గోడ ఖాళీ!

సుజాత దిగొచ్చింది. ఇద్దరం గోడ కింద, పూలకుండీల్లో పాకుతుంటే పక్కింటి సాఫ్ట్‌వేర్ అబ్బాయి తొంగి చూశాడు. "ఏం పోయిందండీ, ఫోనా?"

"నత్త."

"ఎవరన్నా ఎత్తుకుపోయారా?"

"లేదు బాబూ. అదే పోయింది."

"నత్త పారిపోయేదాకా ఏం చేస్తున్నారండీ!"

సుజాతకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "ఇంకోటి దొరికితే నీ పేరే పెడతా తాతా. కాపలా మాత్రం నువ్వొద్దు" అంది.

దొరుకుతుందన్న ఆశ నాకు లేదు. మా అన్నదమ్ముల లొల్లి మొత్తం విన్నది అదొక్కటే మరి. ఈ ఇంట్లోవాళ్ల పేరు మనకెందుకులే అని, దాని జాతంతటినీ వెంటేసుకుని పోయి ఉంటుంది.