చెరువు పడమరనే ఉంది

విశ్వనాథం గారికి ఇంగ్లండులో నలభై గదుల బంగళా ఉండేదనీ, పేకాటలో పోగొట్టుకుని న్యూజెర్సీకి వచ్చి పడ్డారనీ అక్కడి ఐసెలిన్‌లో ఒక పుకారు పుట్టింది. నిజమెంతో గానీ, ఏడాదిగా ఆయన నోట ఆ బంగళా, వింటర్లీ హాల్, తప్ప వేరే మాట లేదు. చలిగా ఉందంటే ఆ ఇంట్లో ఎన్ని ఫైర్‌ప్లేసులుండేవో చెబుతారు. మోకాళ్ల నొప్పులంటే దాని మెట్లు లెక్కపెడతారు.

భార్య రాజేశ్వరమ్మకు ఒక చీర నచ్చడానికి మూడు గంటలు పడుతుంది. ఆ మూడు గంటలూ ఆయన చీరల షాపులో పనిచేసే రేణు కౌంటర్ ముందు స్టూలేసుకుంటారు. పొద్దుటి నుంచి మడతలు పెట్టి పెట్టి రేణు భుజాలు లాగేస్తుంటాయి. ఆయన ఆ మడతలే మళ్లీ విప్పి, చీరలతో కౌంటర్ మీద తన బంగళా పటం పేరుస్తారు.

"ఈ ఆకుపచ్చ గద్వాల్ చీర ఇంటి ముందు లాన్. ఈ నీలం పోచంపల్లి చెరువు. తూర్పున పెడుతున్నా."

"పడమర, అంకుల్," అని గొణిగేది రేణు.

"వినపడలా. ఇంగ్లీషులో గట్టిగా చెప్పమ్మా. ఆ ఇంటికి తెలుగు రాదు."

"ది లేక్ ఈజ్ ఆన్ ది వెస్ట్, అంకుల్! నిన్న కూడా చెప్పాను!"

"ఆ ఇల్లు ఎప్పుడో కూల్చేశారన్నారుగా, ఇంకా చెరువు జరుపుతారేంటండీ?" అనేది ఓనర్ నాగమల్లేశ్వరి. "చీర నలిగితే మీరే కొనాలి."

"కొంటాలే. మా ఆవిడ ఇంకా మొదటి చీర దగ్గరే ఉంది."

రేణు చదువు డిగ్రీ రెండో ఏట ఆగిపోయింది. ఊరి లైబ్రరీలో పని దొరికితే సాయంత్రం క్లాసులకు వెళ్లొచ్చని ఆశ. కిందటేడు మార్చిలో ఇంటర్వ్యూకి వెళ్లి, నోరు పెగలక లేచి వచ్చేసింది. ఎర్రటి కళ్లతో షాపుకి తిరిగొచ్చేసరికి విశ్వనాథం గారు స్టూలు మీదే ఉన్నారు. ఆమె కళ్లు చూసి స్టూలు దగ్గరికి జరుపుకున్నారు.

ఈ ఏడు మళ్లీ పిలిచారు.

"మీకు బాగా తెలిసిన చోటు గురించి చెప్పండి," అంది లైబ్రేరియన్.

ఇంకేం తోచక రేణు మాటల్లోనే వింటర్లీ హాల్ గేటు తీసి, ఒక్కో గదీ చూపిస్తూ పోయింది. ముప్పై ఆరో గదిలో ఉండగా లైబ్రేరియన్ ఆపి, "ఇందాక చెప్పిన చెరువు తూర్పునేనా?" అంది.

"వెస్ట్!" అని షాపులో అరిచినట్టే అరిచింది రేణు. లైబ్రరీ అంతా తలెత్తి చూసింది.

ఉద్యోగం వచ్చింది. మొదటి వారమే విశ్వనాథం గారు ఒక పాత పుస్తకం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టారు. "మా ఇల్లమ్మా. ఇక నువ్వే చూసుకో."

వింటర్లీ హాల్ చరిత్ర. పేజీల అంచున పెన్సిల్ రాతలు. 'చెరువు: తూర్పు అనాలి. రేణు అరుస్తుంది.' 'మెట్లు: రెండు తగ్గించి చెప్పాలి.' అలా చివరి పేజీ దాకా.

అట్ట వెనక ఆ లైబ్రరీదే ముద్ర ఉంది, పాత పుస్తకాల కింద అమ్మేసినట్టు. తేదీ 2008 మార్చి 14. రేణు మొదటి ఇంటర్వ్యూ దానికి సరిగ్గా నాలుగు రోజుల ముందు, మార్చి 10న.