బయటికి పెట్టిన సంచి

మా ఆయన ఇరవై ఆరేండ్లు టూరిస్టు బండి నడిపిండు. అరకు ఎన్నిసార్లు పోయిండో, విశాఖ ఎన్నిసార్లు పోయిండో ఆయనకే యాదిలేదు. పెండ్లయిన కొత్తల సముద్రం ఎట్లుంటదని అడిగిన. "పార్కింగ్ మంచిగుంటది" అన్నడు. నేను నవ్విన, ఆయన నవ్వలే. పార్టీ, అంటే బండి కిరాయికి మాట్లాడుకున్నోళ్లు, దిగి నీళ్లల ఆడుతుంటే డ్రైవర్ సీటు వెనక్కి వాల్చుకొని పంటడు, మాపటికి మళ్ల నడపాలె గదా. బండి ఇడిసిపెట్టి పోతే ఓనరు ఊకోడు. నిన్ను ఎవ్వరు రమ్మనలేదా అంటే, ఒకరిద్దరు పిలిచిన్రు, నేనే వద్దన్న అన్నడు. అట్ల ఇరవై ఆరేండ్లల ఆయన కాళ్లకు సముద్రం తగల్లే.

రెండేండ్ల కింద కిడ్నీలు పోయినయి. బండి ఇడిసిండు. మంగళ, గురు, శని, వారానికి మూడు దినాలు డయాలసిస్. రైలు స్టేషన్ పక్కన బోయిగూడల మా ఇంటి నుంచి ఆటోల పోవుడు, నాలుగు గంటలు చేతికి సూదులు పెట్టించుకొని పండుడు, ఇంటికొచ్చి మూలకు పడుడు. దినానికి గింతే నీళ్లు తాగాలె అని డాక్టర్ చెప్తే నేను సీసాల కొలిచి పెడుతుంటి. ఎండకాలం ఆయన ఆ సీసా దిక్కు చూస్తుంటే నేను లేచి వంటింట్లకు పోయేదాన్ని.

ఈ యేడు చలి షురూ అయినంక, ఒకనాడు ఆస్పత్రి నుంచి వచ్చుకుంట ఆటోల అన్నడు, శనివారం మధ్యాహ్నం నుంచి మంగళవారం పొద్దుగాల దాకా మనకు ఎవ్వరితోని పని లేదు గదా, అరకు పోయి అక్కడి నుంచి కారుల సముద్రానికి దిగుదమని. నాకు నోరు ఎక్కువ. నాలుగు మెట్లెక్కితే ఆయాసమొచ్చేటోడు కొండలెక్కుతడట అని ఆటోవాలా ముందటనే తిట్టిన. ఆయన ఇంటికొచ్చి అలమారిల నుంచి పాత ట్రిప్ షీట్ల బుక్కు తీసిండు. పార్టీ ఎవరు, ఎన్ని గంటలకు బయలెల్లిన్రు, ఎక్కడెక్కడ ఆగిన్రు, గివన్ని డ్రైవర్లు రాసుకునే కాగితాలు అవి. ఒక కాగితం చింపి, మోకాలు మీద పెట్టుకొని రాసుడు మొదలుపెట్టిండు.

ఇగ ఇరవై దినాలు అదే ముచ్చట. రాస్తడు, కొట్టేస్తడు, మళ్ల రాస్తడు. శనివారం డయాలసిస్ అయినంక మాపటికి విశాఖ రైలెక్కుడు. పొద్దుగాల దిగి కొండ రైలుల అరకు. సోమవారం కారుల అనంతగిరి ఘాటు రోడ్డు దిగి, శృంగవరపుకోట మీదికెళ్లి భీమిలి. మాపటికి మళ్ల రైలు, మంగళవారం స్టేషన్ నుంచి సీదా ఆస్పత్రి. ఫోన్‌ల మ్యాప్ ఉండంగ ఈ తక్లీఫ్ ఎందుకు అంటే, మ్యాప్‌కు దారి తెలుసు గాని ఛాయ్ ఎక్కడ మంచిగుంటదో తెల్వదన్నడు. ఛాయ్ నీకెక్కడిది అన్న. రెండు గుక్కలు అన్నడు.

డాక్టర్ సుత జాగ్రత్త చెప్పి ఒప్పుకున్నడు. ఉప్పు మాత్రం ముట్టొద్దన్నడు. "ఉప్పు తినొద్దన్నరు గాని ఉప్పునీళ్లల కాళ్లు పెట్టొద్దనలే" అని మా ఆయన మెట్లు దిగుకుంట మురిసిండు. ఆయనతోని ఒకప్పుడు బండ్లు నడిపిన దోస్తు ఒకాయన అరకుల సొంత కారు పెట్టుకున్నడు. ఆయనే నడుపుతనన్నడు. ఈ పాలి నేను పార్టీని, వాడు డ్రైవరు అని మా ఆయన ఇంటికొచ్చినోళ్లందరికి చెప్పిండు.

పేచీ నా దిక్కుకెళ్లే వచ్చింది. శనివారం తూర్పుకు వారశూల, విశాఖ దిక్కు పోవద్దు. ఆయన పానం మంచిగుంటే నేను సుత పట్టించుకోకపోదును. దానికి మా అమ్మ కాలం ఉపాయమొకటి ఉన్నది. మంచి దినం చూసి, మనిషికి బదులు సంచిని గడప దాటిస్తరు. పోయే దిక్కున ఉన్న వేరేటోళ్ల ఇంట్ల పెడితే ప్రయాణం అప్పుడే షురూ అయినట్టు. పరస్థానం అంటరు. తర్వాత మనిషి ఎప్పుడు పోయినా దోషముండది. ఒక్కటే నేమం, బయటికి పెట్టిన సంచి మళ్ల ఇంట్లకు తేవద్దు. తెస్తే ప్రయాణం ఇరిగినట్టే.

మాకు తూర్పున ఎదురింట్ల ఒక టీచరమ్మ ఉండేది. కోస్తా మనిషి, ఆదివారం చర్చి తప్పనిది. శుక్రవారం పొద్దుగాల సంచి తీస్కపోతే, ఇవన్నీ నేను నమ్మనమ్మా, అయినా సంచే కదా, మంచం కింద పెట్టు అన్నది. సంచిల ఇద్దరి బట్టలు, ఆయన స్వెటర్, ఒక తువ్వాల. అన్నిటి మీద మడత పెట్టిన ట్రిప్ షీట్. అది నేను సదవలే. ఇరవై దినాలు ఆయన నోటితోనే ఇన్న గదా.

శనివారం డయాలసిస్ నడుస్తుండంగనే ఆయనకు చలి పుట్టింది. దంతాలు కొట్టుకున్నయి. రక్తంల ఇన్ఫెక్షన్ అన్నరు. మాపటికి రైలెక్కేటోళ్లం, అదే ఆస్పత్రిల పై అంతస్తుకు ఎక్కినం. అరకు దోస్తుకు ఫోన్ చేసి వచ్చే శనివారం వస్తమని చెప్పిన. నిజంగనే అనుకున్న.

ఆదివారం జెర తెలివికొచ్చిండు. మొదలు అడిగింది ఆ ట్రిప్ షీటే.

"సంచి వద్దు. అండ్ల కాగితం ఒక్కటి తెప్పియ్యి, పండుకొని చూస్తా."

"తెస్తే ప్రయాణం ఇరుగుతది. అరకులనే చూస్కో."

సోమవారం మళ్ల అడిగిండు. జిద్దు చెయ్యకు, నీ మంచికే ఇస్తలేను అన్న. ఆ దినం టీచరమ్మ చూడనీకి వచ్చింది. ఆమె చెవిల పడ్డది. నన్ను వరండాలకు తీస్కపోయి, "కాగితమే కదమ్మా, ఇచ్చెయ్యి. చూసుకుని సంతోషపడతారు" అన్నది. మీకు ఇవన్ని తెల్వయి లే అని మొఖం మీదనే అన్న. మంగళవారానికి ఆయనకు గొంతు లేస్తలేదు. చేతితోనే కాగితం మడత ఇప్పినట్టు సైగ చేసిండు. నేను చూడనట్టే దుప్పటి సదిరిన. బుధవారం తెల్లారకముందే పోయిండు.

దినాలు అయినయి, నెలమాసికం అయింది. సంచి ఎదురింట్లనే ఉన్నది. టీచరమ్మ తీస్కపొమ్మనలే, నేను అడగలే. స్టేషన్‌ల అనౌన్స్‌మెంట్లు మా ఇంట్లకు ఇనపడతయి. మాపటీలి విశాఖ రైలు పేరు పిలిచినప్పుడల్లా ఆ ఇంటి తలుపు దిక్కు చూస్తుంటి. సంచి అక్కడ ఉన్నంతసేపు ఆయన ఇంక బయలెల్లేది ఉన్నదనిపించేది. పిచ్చి అంటే అనున్రి.

పోయిన నెల టీచరమ్మ ఇల్లు ఖాళీ చేసి అల్వాల్‌ల చెల్లె దగ్గరికి పోయింది. సామాను ఎక్కించినంక సంచి పట్టుకొని వచ్చింది. వచ్చి, గడప బయటనే నిలబడ్డది.

"లోపలికి తేవచ్చా అమ్మా?"

నమ్మని మనిషి అట్ల అడిగేసరికి నాకు ఏడుపు ఆగలే. నేనే అందుకొని లోపలికి తెచ్చిన. ఇగ ఇరగనీకి ఏమున్నది.

కాగితం ఇప్పిన. పార్టీ పేరు కాడ "మేమిద్దరం" అని రాసున్నది. అనంతగిరి కాడ, ఛాయ్ ఒకటి, కప్పులు రెండు. ఘాటు మొదలయ్యే కాడ, ఆమెకు కడుపుల తిప్పుతది, నిమ్మకాయ కొనాలె. అన్నిటికంటె కింద, భీమిలి కాడ, పెన్ను ఒత్తి రాసిండు. "బీచ్. అరగంట ఆగాలె. బండికి తాళం ఏసి డ్రైవర్‌ను సుత నీళ్లల్లకు తోల్కపోవాలె. వద్దంటడు. ఇనొద్దు."

మూడు దినాలు ఆయన అడిగిన కాగితం గిదే. చేతుల పెడితే ఆ మంచం మీదనే ఒక్కసారి సముద్రం దాకా పోయొస్తుండె. నేనే పోనియ్యలే.